కాంపౌండ్ అడ్జెక్టివ్‌లలో స్ట్రెస్ ఎక్కడ పడుతుంది? రూలేమైనా ఉందా?

గాజువాక టీచరమ్మ:
అందరికీ నమస్కారమండీ. తొమ్మిదో తరగతికి కాంపౌండ్ అడ్జెక్టివ్‌లు చెబుతున్నాను. రెండు మాటలు కలిసి ఒకే విశేషణం అవుతాయి, మధ్యలో హైఫన్ వస్తుంది అన్నంతవరకు పిల్లలకి బాగానే ఎక్కింది. బయటికి చదివించేటప్పుడే చిక్కొచ్చి పడింది. డిక్షనరీలో "వెల్-నోన్" చూస్తే స్ట్రెస్ గుర్తు, అంటే ఎక్కడ నొక్కి పలకాలో చూపే గుర్తు, నోన్ ముందు ఉంది. "హార్ట్-బ్రేకింగ్"కి హార్ట్ ముందు ఉంది. సరే, ఒక్కో మాటకి ఒక్కో తీరు అనుకుందామంటే, ఇంగ్లీష్ వార్తల్లో "వెల్-నోన్ యాక్టర్" అన్నప్పుడు నాకు వెల్ మీదే బరువు వినిపిస్తోంది. మాట ఎలా తయారైందో చూసి స్ట్రెస్ ఎక్కడుంటుందో చెప్పే దారి ఉంటే చెప్పండి. జాబితా ఇచ్చి బట్టీ పట్టించడం నాకిష్టం లేదు.

సీతమ్మధార శిరీష:
దారి ఉందండీ. కాకపోతే సగం దూరమే తీసుకెళ్తుంది, మిగతా సగం డిక్షనరీయే దిక్కు. నేను ఎంఏలో ధ్వనిశాస్త్రం చదువుతున్నాను కాబట్టి తెలిసినంత రాస్తాను. ఊనిక, అంటే స్ట్రెస్, పడే సిలబుల్ (ఒక్క అచ్చుతో పలికే ముక్క) ముందు ˈ గుర్తు పెడుతున్నాను.

ముందుగా రెండో ముక్క ఏమిటో చూడండి. నామవాచకానికి "-ఎడ్" తగిలించి చేసిందైతే ప్రధాన ఊనిక దాని మీదే పడుతుంది: ఓల్డ్-ˈఫ్యాషన్డ్, బ్యాడ్-ˈటెంపర్డ్, లెఫ్ట్-ˈహ్యాండెడ్, ఆబ్సెంట్-ˈమైండెడ్, కైండ్-ˈహార్టెడ్. ఈ గుంపు బాగా నమ్మదగ్గది, పిల్లలకి ఇదే మొదట చెప్పండి. ఈ "-ఎడ్" భూతకాలానిది కాదు. ఎడమచేతి వాటం కలవాడు, పాత పద్ధతి కలది అన్నప్పుడు మనం వాడే "కల" లాంటిది.

ముందు ముక్క "వెల్", "హార్డ్", "గుడ్" లాంటిదై, వెనకది క్రియ నుంచి వచ్చినదైతే అప్పుడూ ఊనిక వెనకే: హార్డ్-ˈవర్కింగ్, గుడ్-ˈలుకింగ్, వెల్-ˈనోన్, వెల్-బిˈహేవ్డ్.

ముందు నామవాచకం, వెనక "-ఇంగ్" ఉన్న చోట తిరగబడుతుంది. ˈహార్ట్-బ్రేకింగ్, ˈటైమ్-కన్స్యూమింగ్, ˈబ్రెత్-టేకింగ్. వీటిలో ముందున్నది వెనక క్రియకు కర్మ. బద్దలయ్యేది గుండె, ఖర్చయ్యేది టైము. ఆ కర్మే ఊనికను తన దగ్గర ఉంచుకుంటుంది.

వెల్-నోన్ యాక్టర్ సంగతి వేరే కథ. క్లాసుకి టైమైంది, సాయంత్రం రాస్తాను.

స్టీల్ సత్తిబాబు:
ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. గాజువాక పిల్లలకి ఇదంతా అవసరమా అండీ? నేను ప్లాంట్‌లో ముప్పయ్యేళ్లుగా బెంగాలీ వాళ్లతో, ఒరియా వాళ్లతో, అప్పుడప్పుడూ వచ్చే విదేశీ ఇంజనీర్లతో ఇంగ్లీష్ మాట్లాడుతూనే ఉన్నాను. స్ట్రెస్ ఎక్కడ పెట్టావని ఎవడూ అడగలేదు. ద్వారకానగర్‌లో నాలుగు మెట్లెక్కితే ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటరు. అక్కడ పిల్లల చేత నోరు వంకర్లు తిప్పించి, అమెరికా వాడిలా మాట్లాడిస్తామని ఫీజులు గుంజుతున్నారు. ఇదీ ఆ బాపతే అనిపిస్తోంది.

రుషికొండ రాజు:
సత్తిబాబు గారూ, నోరు వంకర తిప్పడం గురించి మీరన్నది నిజమే, నాకూ నచ్చదు. కానీ నేను రుషికొండలో ఫోన్ సపోర్ట్ టీములకి వాయిస్ ట్రైనింగ్ ఇస్తాను. స్ట్రెస్ అంటే యాస కాదండీ. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు మొహం, చెయ్యి, ఎదురుగా ఉన్న మిషను, అన్నీ అర్థానికి సాయం చేస్తాయి. ఫోన్లో చెవి ఒక్కటే. ఇంగ్లీష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లు మాటను అందులోని బరువైన సిలబుల్‌ని బట్టి గుర్తుపడతారు. బరువు చోటు తప్పితే ఒక క్షణం ఆగి వెనక్కి వెళ్లి అర్థం చేసుకోవాలి. అలాంటి క్షణాలు పోగై చివరికి "క్యాన్ యూ రిపీట్" అంటారు.

మనవాళ్ల ఇబ్బంది బరువు తప్పు చోట పెట్టడం కూడా కాదు, అన్ని చోట్లా పెట్టడం. "ఆబ్సెంట్-మైండెడ్" అనమనండి. ఆబ్, సెంట్, మైన్, డెడ్. నాలుగు మేకులు కొట్టినట్టు వస్తుంది. పైగా చివర ఒక "ఉ" చేరుస్తాం: బ్యాడు-టెంపర్డు, బ్రాండు-న్యూ. బస్సు, కారు, నోటు అని అలవాటైన నోరు కదా, హల్లుతో మాట ముగించడం దానికి ఇష్టం ఉండదు. ఆ "ఉ"తో లేని సిలబుల్ ఒకటి పుడుతుంది. రెండు సిలబుల్స్ ఉన్న బ్రాండ్-న్యూ మూడవుతుంది.

మద్దిలపాలెం మాస్టారు:
రాజు బాబు చెప్పిన నాలుగు మేకులకు కారణం మన ఛందస్సులో ఉంది. ఆబ్సెంట్-మైండెడ్‌ను గణ విభజన చేసి చూడండి. "ఆబ్" గురువు, "సెంట్" గురువు, "మైన్" గురువు, "డెడ్" గురువు. నాలుగూ గురువులే. తెలుగు చెవికి బరువంటే మాత్రల లెక్క. అచ్చు దీర్ఘమైనా, వెనక హల్లు ఆనినా గురువే. పద్యం నేర్చిన వాడికైనా నేర్వని వాడికైనా మాట్లాడే భాషలో ఈ లెక్కే నడుస్తుంది. పలక వేరు, పాలక వేరు. ఆ తేడా అచ్చు నిడివిది, ఊనికది కాదు. ఒక అక్షరాన్ని ఊది పలికినంత మాత్రాన తెలుగులో మాట అర్థం మారదు.

ఇంగ్లీషు అలా కాదు. అక్కడ "సెంట్" అని రాసి ఉన్నా నోట్లో "సన్ట్"కి దగ్గరగా, అచ్చు ఉందో లేదో అన్నట్టు జారిపోతుంది. "డెడ్" కూడా "డిడ్"గా పొట్టిదవుతుంది. కాబట్టి మన పిల్లలకి ఊనిక పెట్టమని చెప్పడం కన్నా, ఊనిక లేని చోట అచ్చును చిన్నబుచ్చమని చెప్పాలి. ఒకదాన్ని ఎత్తడం సులువు. మిగతా మూడింటిని దించడమే మనకి చేతకాదు.

రుషికొండ రాజు:
మాస్టారూ, ఈ ఒక్క ముక్క నేను ట్రైనింగ్ మెటీరియల్‌లో పెట్టుకుంటాను. మేం దీన్నే "స్ట్రెస్-టైమ్డ్, సిలబుల్-టైమ్డ్" అని చెబుతాం. ఇంగ్లీష్‌లో బరువైన సిలబుల్స్ సమాన దూరంలో పడతాయి, తెలుగులో ప్రతి సిలబుల్‌కీ సమాన సమయం.

సీతమ్మధార శిరీష:
రాజు గారూ, ఆ రెండు పేర్లూ కెన్నెత్ పైక్ అనే భాషావేత్త 1945లో పెట్టినవి. తర్వాత వాళ్లు మిషన్లతో కొలిచి చూస్తే ఇంగ్లీష్‌లో కూడా ఊనికల మధ్య దూరాలు సమానంగా ఏమీ లేవు. 1980ల్లో ఆ లెక్కలు బయటికొచ్చాక చాలామంది దాన్ని చెవికి తోచే ధోరణిగానే చూస్తున్నారు, గడియారపు లెక్కగా కాదు. మాస్టారు చెప్పిన అచ్చు చిన్నబోవడమే ఆ ధోరణికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ట్రైనింగ్‌లో చప్పట్లు కొట్టించడానికి పనికొస్తుంది, మరీ నమ్మకండి.

ఇక టీచర్ గారి రెండో ప్రశ్న.

వెల్-ˈనోన్‌లో నోన్ మీద పెద్ద ఊనిక ఉంది కానీ వెల్ కూడా పూర్తిగా తేలిక కాదు, దాని మీద చిన్న ఊనిక ఉంది. "ద యాక్టర్ ఈజ్ వెల్-ˈనోన్" అని వాక్యం చివర వచ్చినప్పుడు పెద్దది నోన్ మీదే ఉంటుంది. "వెల్-నోన్ యాక్టర్" అని నామవాచకం ముందుకి రాగానే నోన్, యాక్ అనే రెండు బరువులు ఒకదానికొకటి ఢీకొంటాయి. ఇంగ్లీష్‌కి అది ఇష్టం లేదు. అందుకని నోన్ మీద బరువు ముందు ముక్క మీదకి, అంటే వెల్ మీదకి జరుగుతుంది: ˈవెల్-నోన్ ˈయాక్టర్. మీ చెవి సరిగ్గానే పట్టింది, డిక్షనరీ కూడా సరిగ్గానే ఉంది.

కాంపౌండ్లకే కాదు, ఇది అంతటా ఉంది. థర్ˈటీన్ అంటాం, ˈథర్టీన్ ˈమెన్ అంటాం. జాపˈనీజ్, ˈజాపనీజ్ ˈఫుడ్. ఫైవ్-ˈస్టార్, బీచ్ రోడ్డులో ˈఫైవ్-స్టార్ హోˈటెల్. 1977లో లిబర్మన్, ప్రిన్స్ అనే ఇద్దరు దీన్ని మెట్లు మెట్లుగా గళ్లు గీసి వివరించారు. రిథమ్ రూల్ అంటారు. లాంగ్‌మన్ డిక్షనరీల్లో ఇలా కదిలే మాటల వెనక చిన్న నల్ల త్రిభుజం గుర్తు కనిపిస్తుంది. అది ఉంటే నామవాచకం ముందు జరుగుతుందని అర్థం.

ˈహార్ట్-బ్రేకింగ్ పక్కన ఆ గుర్తు ఉండదు. దాని బరువు ముందే మొదట్లో ఉంది, ఇంక జరగడానికి చోటేది? ˈహార్ట్-బ్రేకింగ్ ˈన్యూస్, "ద న్యూస్ వాజ్ ˈహార్ట్-బ్రేకింగ్", రెండు చోట్లా ఒకటే.

గాజువాక టీచరమ్మ:
అమ్మయ్య. పుస్తకంలో ఒక్క లైను రాసి ఉంటే నాకీ టెన్షన్ ఉండేది కాదు. అంటే వాక్యం చివర ఒకలా, నామవాచకం ముందు ఒకలా పక్కపక్కన పెట్టి చదివిస్తే చాలన్నమాట. "హీ ఈజ్ ఆబ్సెంట్-ˈమైండెడ్. యాన్ ˈఆబ్సెంట్-మైండెడ్ ప్రొˈఫెసర్." ఇలాగేనా?

సీతమ్మధార శిరీష:
అంతేనండీ.

స్టీల్ సత్తిబాబు:
మా మాస్టార్లని ప్రాక్టీసుకి వాడుకోవడం బాగుంది.

మద్దిలపాలెం మాస్టారు:
వాడుకోండి, వయసు కూడా సరిపోయింది.

శిరీషమ్మ "-ఎడ్" గురించి చెబుతూ "కల" అంది. అది బహువ్రీహి సమాసం. పీతాంబరుడు అంటే పచ్చని బట్ట కాదు, పచ్చని బట్ట కలవాడు. ముక్కంటి అంటే మూడు కళ్లు కాదు, అవి కలవాడు. బ్లూ-ఐడ్ సరిగ్గా అదే. ఇంగ్లీషు వ్యాకరణ వేత్తలు కూడా ఈ రకం మాటలకి బహువ్రీహి అనే పేరే వాడుతున్నారు, మన పాణినీయం నుంచి తీసుకెళ్లి. హార్ట్-బ్రేకింగ్‌లో గుండె కర్మ, బద్దలు కొట్టడం క్రియ. కుంభకారుడు అన్నప్పుడు కుండ కర్మ, చేయడం క్రియ. అది తత్పురుష జాతి. బిటర్-స్వీట్ ద్వంద్వానికి దగ్గర. ఫైవ్-స్టార్, టూ-వీలర్ లాంటివి ద్విగువు తలపిస్తాయి.

సమాసం ఏ జాతిదో స్వరం చెప్పడం ఇంగ్లీషు సొత్తు అనుకోకండి. వేదభాషలో ఉదాత్త స్వరం, అంటే గొంతు ఎత్తి పలికేది, ఆ పనే చేసేది. పాణిని వ్యాకరణం అష్టాధ్యాయి ఆరో అధ్యాయం రెండో పాదమంతా సమాసాల్లో స్వరం ఎక్కడుండాలనే గొడవే. దానికి పతంజలి మహాభాష్యం మొదట్లోనే ఒక కథ గుర్తు చేస్తాడు. త్వష్ట తన కొడుకుని చంపిన ఇంద్రుడి మీద పగతో వృత్రుణ్ణి పుట్టించే యాగం చేశాడు. "ఇంద్రశత్రువు వర్ధిల్లుగాక" అన్నాడు. అక్కడ శత్రువంటే చంపేవాడు. స్వరం చివర పడితే తత్పురుష, ఇంద్రుణ్ణి చంపేవాడు. మొదట పడితే బహువ్రీహి, ఇంద్రుడే తనను చంపేవాడుగా కలవాడు. ఆయన నోట మొదట పడింది. వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చాడు.

స్టీల్ సత్తిబాబు:
ఓరి దేవుడా! స్ట్రెస్ తప్పితే ప్రాణాలు పోతాయంటే ఇంక నేను నోరెత్తను.

సీతమ్మధార శిరీష:
మాస్టారూ, కథ అద్భుతం. కానీ పోలిక అక్కడే అడ్డం తిరుగుతుంది. వేదభాషలో బహువ్రీహికి స్వరం ముందు, ఇంగ్లీష్ బ్లూ-ˈఐడ్‌లో వెనక. పైగా ఇంగ్లీష్‌లో "-ఎడ్" లేని బహువ్రీహులు కూడా ఉన్నాయి: ˈరెడ్‌హెడ్, ˈపేపర్‌బ్యాక్. ఎర్రజుట్టు కలవాళ్లు, కాగితపు అట్ట కలది. ఇవి నామవాచకాలు, వీటిలో ఊనిక ముందే. అదే "-ఎడ్" చేర్చి విశేషణం చేస్తే రెడ్-ˈహెడెడ్, వెనక్కి పోయింది. కాబట్టి ఇంగ్లీష్‌లో ఊనికను నిర్ణయించేది సమాసం జాతి ఒక్కటే కాదు, చివరికి అది నామమా విశేషణమా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మద్దిలపాలెం మాస్టారు:
మంచి ఉదాహరణ తెచ్చావమ్మా. నేను చెప్పదలచింది స్వరం చోటు గురించి కాదు, అది చేసే పని గురించి. స్వరం సమాసాన్ని విప్పి చూపిస్తుంది. ˈగ్రీన్‌హౌస్ అంటే మొక్కలు పెంచే అద్దాల ఇల్లు, గ్రీన్ ˈహౌస్ అంటే పచ్చరంగు ఇల్లు. అక్షరాలు అవే.

ఎంవీపీ మూర్తి:
నేను రియల్ ఎస్టేట్ బ్రోచర్లు రాస్తుంటాను. కాంపౌండ్ అడ్జెక్టివ్‌లు లేకపోతే నా పొట్ట గడవదు. సీ-ఫేసింగ్, ఈస్ట్-ఫేసింగ్, రెడీ-టు-మూవ్, త్రీ-బెడ్‌రూమ్. ఇవన్నీ ప్రకటనల్లో హైఫన్లు లేకుండా వేస్తారు, పెడితే "ఆ గీతలేంటండీ" అని డిజైనర్ తీసేస్తాడు. హైఫన్ లేకపోతే నిజంగా తేడా వస్తుందా, లేక ఇది టీచర్ల పట్టుదలా?

సీతమ్మధార శిరీష:
వస్తుందండీ. "మ్యాన్-ఈటింగ్ ఫిష్" అంటే మనిషిని తినే చేప. హైఫన్ తీసేస్తే ఫిషింగ్ హార్బర్ పక్కన కూర్చుని చేపల పులుసు తింటున్న మనిషి కావచ్చు. పలికేటప్పుడు ఈ తేడాను ఊనికే చూపిస్తుంది: ˈమ్యాన్-ఈటింగ్ అంటే మ్యాన్ మీద బరువు. కాగితం మీద ఊనిక కనపడదు, ఆ ఖాళీని హైఫన్ పూడుస్తుంది.

కానీ అన్ని చోట్లా పెట్టక్కర్లేదు. "ఫుల్లీ ఫర్నిష్డ్", "హైలీ పెయిడ్" లాంటి వాటిలో "-లీ" ఉంది కాబట్టి అది వెనక మాటకే చెందుతుందని తెలిసిపోతుంది, హైఫన్ అనవసరం. వాక్యం చివర వచ్చే "వెల్ నోన్"కి కూడా చాలామంది పెట్టరు. మీ సీ-ఫేసింగ్‌లో సముద్రం కర్మ కాబట్టి ˈసీ-ఫేసింగ్.

ఎంవీపీ మూర్తి:
సముద్రం కర్మ అన్నది మా కొనుగోలుదారులు ఫ్లాటులో దిగాక తెలుసుకుంటారు. ఉప్పుగాలికి గ్రిల్స్ తుప్పు పడతాయి.

గాజువాక టీచరమ్మ:
మూర్తి గారి త్రీ-బెడ్‌రూమ్ చూసి ఇంకోటి గుర్తొచ్చింది. పిల్లలు "టెన్ రుపీస్ నోట్", "ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్" అంటారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. పది ఉన్నప్పుడు బహువచనం ఎందుకు ఉండకూడదని అడిగితే, విశేషణాలకి బహువచనం లేదని చెబుతున్నాను. ఇంకా మంచి జవాబు ఉందా?

మద్దిలపాలెం మాస్టారు:
ఉంది తల్లీ, పిల్లల తప్పు ఎక్కడి నుంచి వస్తోందో కూడా ఇదే చెబుతుంది. మనం "పది రూపాయల నోటు" అంటాం, "అయిదేళ్ల పిల్లాడు" అంటాం. రూపాయల, ఏళ్ల. ఇవి షష్ఠీ బహువచనాలు. పిల్లలు దాన్నే ఇంగ్లీషులో పెట్టేస్తున్నారు.

తమాషా ఏమిటంటే పాత ఇంగ్లీషు కూడా అచ్చం ఇలాగే నడిచింది. పది అడుగుల గోడ అనడానికి అక్కడ కూడా అడుగు మాటకి షష్ఠీ బహువచన రూపమే వాడేవారు, దాని చివర "అ" లాంటి అచ్చు ఉండేది. కాలక్రమంలో చివరి అచ్చులన్నీ అరిగి రాలిపోయాయి. మిగిలిన "ఫుట్" ఏకవచనంలా కనిపించడం మొదలైంది. "టెన్-ఫుట్ వాల్" అలా నిలబడింది, మిగతా కొలతలూ దాని బాటే పట్టాయి. కాబట్టి పిల్లల ఆలోచన తప్పు కాదు, కొన్ని వందల ఏళ్లు ఆలస్యమైందని చెప్పండి.

గాజువాక టీచరమ్మ:
ఇది రేపే చెబుతాను. మార్కులు మాత్రం కొయ్యక తప్పదు.

సిలబుల్స్ లెక్క గురించి కూడా ఒకటి. "-ఎడ్" ఉన్న ప్రతి చోటా పిల్లలు ఒక సిలబుల్ కలిపి "ఫ్యాషనెడ్", "బిహేవెడ్" అంటున్నారు. దీనికి మామూలు క్రియల రూలే చెప్పనా?

రుషికొండ రాజు:
అదే రూలండీ. ముందు ట, డ ధ్వని ఉంటేనే కొత్త సిలబుల్ వస్తుంది: షార్ట్-సైటిడ్ మూడు సిలబుల్స్, కైండ్-హార్టిడ్ మూడు. లేకపోతే రాదు. ఓల్డ్-ఫ్యాషన్డ్ మూడే, నాలుగు కాదు. వెల్-బిహేవ్డ్ మూడు. బ్లూ-ఐడ్ రెండు. "తిక్-లిప్డ్" లాంటి చోట అది "ట్"గా వినిపిస్తుంది, లిప్ట్.

కొన్ని మొండి మాటలున్నాయి. "త్రీ-లెగ్డ్"ని "లెగిడ్" అని రెండు సిలబుల్స్‌గా పలికేవాళ్లూ ఉన్నారు, ఒక్కటిగా పలికేవాళ్లూ ఉన్నారు. "మిడిల్-ˈఏజ్డ్"లో ఏజ్డ్ ఒక్క సిలబులే, కానీ "ది ఏజిడ్" అని వృద్ధులందరినీ కలిపి అంటే రెండు. క్రూకిడ్, వికిడ్, రగిడ్ లాంటివి ఎప్పుడూ రెండే.

స్టీల్ సత్తిబాబు:
అయితే మా ప్లాంట్ సంగతి తేల్చండి. దేశంలో మొదటి షోర్-బేస్డ్ ఇంటిగ్రేటెడ్ స్టీల్ ప్లాంట్ అని చిన్నప్పటి నుంచి జీకే పుస్తకంలో చదివాం. "బేసెడ్" అనే అందరం అన్నాం. స్ట్రెస్ ఎక్కడ?

రుషికొండ రాజు:
బేసెడ్ కాదు సార్, "బేస్ట్", ఒక్క సిలబుల్. "షోర్-బేస్డ్" మొత్తం రెండే.

సీతమ్మధార శిరీష:
ఊనిక షోర్ మీద: ˈషోర్-బేస్డ్. ముందు నామవాచకం, వెనక భూతకాల రూపం ఉన్న మాటలు ఎక్కువగా ఇలాగే: ˈసన్‌బర్న్ట్, ˈమాత్-ఈటెన్, ˈఎయిర్-కండిషన్డ్. 1933లో మొదలైన మన విశాఖ పోర్టు లోపలి హార్బరు ˈల్యాండ్‌లాక్డ్. తుపాను తర్వాత పేపర్లో వచ్చే ˈసైక్లోన్-హిట్ కూడా అంతే. అదే "బ్రాడ్-ˈబేస్డ్" అయితే ముందున్నది విశేషణం కాబట్టి వెనక్కి పోతుంది. ఎదురు నిలిచేవి ఉన్నాయి: హోమ్-ˈమేడ్, హ్యాండ్-ˈమేడ్. ముందు నామవాచకమే ఉన్నా ఊనిక వెనక పడుతుంది.

నేవీ కాలనీ కోడలు:
ఎక్కువ మాట్లాడను, ఒక్క సందేహం. మా ఆయన షిప్ మీద ఉంటారు. సీసిక్, హోమ్‌సిక్ మా ఇంట్లో రోజూ వినే మాటలు. వీటిలో ముందే బరువు వినిపిస్తుంది. యూనిఫామ్ నేవీ-బ్లూ అన్నప్పుడు మాత్రం బ్లూ మీద. రెండూ నామవాచకం పక్కన విశేషణమే కదా, ఎందుకు తేడా?

సీతమ్మధార శిరీష:
అక్కా, మీరు అడిగింది ఈ మొత్తం విషయంలో అందరికన్నా కష్టమైన మూల. నామవాచకం, విశేషణం కలిసిన మాటల్లో స్థిరమైన రూలు లేదు. పోలిక చెప్పేవి వెనక బరువు పెడతాయి: ఐస్-ˈకోల్డ్, స్నో-ˈవైట్, నేవీ-ˈబ్లూ. మంచులా చల్లగా, మంచులా తెల్లగా. బ్రాండ్-ˈన్యూ, వరల్డ్-ˈఫేమస్ కూడా వెనకే. "-సిక్", "-ప్రూఫ్", "-టైట్", "-వర్దీ"తో ముగిసేవి ముందు పెడతాయి: ˈహోమ్‌సిక్, ˈవాటర్‌ప్రూఫ్, ˈఎయిర్‌టైట్, ˈట్రస్ట్‌వర్దీ. ఇవి చాలా కాలంగా అతుక్కుపోయి ఒక్క మాటలా అయిపోయాయి, రెండో ముక్క దాదాపు ప్రత్యయం అయిపోయింది. హైఫన్ కూడా వీటికి చాలావరకు ఊడిపోయింది.

"-ఫ్రీ" మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. డ్యూటీ-ˈఫ్రీ, టాక్స్-ˈఫ్రీ, షుగర్-ˈఫ్రీ. కానీ ˈకేర్‌ఫ్రీ. పాతబడి అతికిపోయింది కాబట్టి అలా అయ్యుండొచ్చనిపిస్తుంది. డిక్షనరీ చూడమని నేను మొదట్లో అన్నది ఇలాంటి వాటి కోసమే.

రుషికొండ రాజు:
ఇంకో మాట. పైన చెప్పిన చోట్లన్నీ మామూలుగా మాట్లాడేటప్పటివి. పోలిక పెట్టి నొక్కితే అన్నీ తారుమారవుతాయి. "రైట్-హ్యాండెడ్ కాదు, ˈలెఫ్ట్-హ్యాండెడ్" అన్నప్పుడు వాక్యం చివర ఉన్నా బరువు లెఫ్ట్ మీదకి వస్తుంది. హ్యాండెడ్ రెండింటిలోనూ ఉన్నదే కదా, దాన్ని నొక్కి ఏం లాభం? టీచర్ గారూ, క్లాసులో పిల్లల్ని దిద్దేటప్పుడు మీరే తెలియకుండా ఇలా నొక్కుతారు. పిల్లలు అదే చోటనుకుని నేర్చుకుంటారు. కాస్త చూసుకోండి.

గాజువాక టీచరమ్మ:
ఈ మాట బాగా పట్టుకున్నారు రాజు గారూ. బోర్డు మీద రెండు వరసలు రాయబోతున్నాను. ఎడమ పక్క కదిలేవి: వెల్-నోన్, హార్డ్-వర్కింగ్, ఓల్డ్-ఫ్యాషన్డ్, బ్రాండ్-న్యూ. కుడి పక్క కదలనివి: హార్ట్-బ్రేకింగ్, హోమ్‌సిక్, వాటర్‌ప్రూఫ్, షోర్-బేస్డ్. ఒక్కోదాన్ని వాక్యం చివర ఒకసారి, నామవాచకం ముందు ఒకసారి చదివిస్తాను. "స్టేట్-ఆఫ్-ది-ఆర్ట్", "అప్-టు-డేట్" లాంటి పొడవైనవి ఏ వరసలో వేయను?

సీతమ్మధార శిరీష:
ఎడమ పక్కేనండీ. అప్-టు-ˈడేట్, కానీ ˈఅప్-టు-డేట్ ˈలిస్ట్. స్టేట్-ఆఫ్-ది-ˈఆర్ట్, ˈస్టేట్-ఆఫ్-ది-ఆర్ట్ ˈల్యాబ్. మధ్యలో ఉన్న "టు", "ఆఫ్ ది" పూర్తిగా తేలిపోవాలి. "టూ" అని దీర్ఘం తీయనివ్వకండి.

మద్దిలపాలెం మాస్టారు:
ఆ "టు" దగ్గర నా లఘువు గుర్తు వేయించండి. గురువు "U" అయితే లఘువు "I". మన పిల్లలు ఎలాగూ తెలుగు పీరియడ్‌లో లఘువు నేర్చుకునే ఉంటారు. తెలుగు మాస్టారితో మాట్లాడి ఇద్దరూ ఒకే వారం చెబితే పని సగం తగ్గుతుంది.

గాజువాక టీచరమ్మ:
మా తెలుగు మాస్టారు పక్క క్లాసులోనే ఉన్నారు, ఈ వారం ఛందస్సే చెబుతున్నారట. అడుగుతాను.

ఎంవీపీ మూర్తి:
కొత్త బ్రోచర్‌లో ˈసీ-ఫేసింగ్‌కి హైఫన్ పెట్టించానండీ. డిజైనర్ మూడుసార్లు తీశాడు, నాలుగోసారి ఊరుకున్నాడు.